ఒకే బరువు, రెండు ఆకారాలు

ఆ శనివారం సాయంత్రం నేను గాజు బుడ్డిని ఒక్కసారి కడిగి, మూడుసార్లు కడిగానని చెప్పాను. మొదటి ఆట సినిమాకు టైమవుతోందని తొందరపడ్డాను. నన్ను అడిగిన మనిషి నా మాట నమ్మారు. నేను రాయాలనుకున్నది ఆమె గురించి. కానీ ఈ సంగతి దాచిపెట్టి ఎన్ని మంచిమాటలు రాసినా అవీ అబద్ధాలే అవుతాయి. అందుకని ముందు ఇది రాశాను.

ఆమె పేరు రాయను. ఆ పేరు ఇప్పటికే నానకూడని నోళ్ళలో నానింది.

ఆమె ఉదయగిరి మనిషి. ఆత్మకూరులో మేం పనిచేసిన డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. నాది చేజర్ల పక్కన పల్లె. నేను ఆమెను మేడం అనేవాణ్ణి, ఆమె నన్ను అబ్బయ్యా అనేవారు. సెలవుల్లో ఒకరోజు కలిగిరి బస్టాండులో టీ తాగుతుంటే మా పాత విద్యార్థి ఒకడు పలకరించి, "మేడం పోయినారు సార్, మీకు తెలీదా? వారం దాటింది. జ్వరమని నెల్లూరికి తీసకపోయినారు, అంతే" అన్నాడు. మొదట కలిగినది దుఃఖం కాదు. ఇక ఆమెకు ఏమీ చెప్పనవసరం లేదు కదా అన్న ఊరట. ఆ ఊరటకు నేను ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

సన్నగా ఉండేవారు. నూలు చీర, భుజాన గుడ్డసంచి, ఆ సంచిలోంచి ఎప్పుడూ బయటికి పొడుచుకొచ్చే అట్టగొట్టం. గొట్టంలో చుట్టిన చార్టు కాగితాలు ఉండేవి. సోమవారం పొద్దున ఉదయగిరి బస్సు దిగుతుంటే ముందు గొట్టం దిగేది, తర్వాత ఆమె దిగేవారు. ఆ రూట్లో తిరిగే కండక్టరు ఒకాయన, "ఏంది మేడం, దీనికీ టిక్కెట్టు కొట్టాల్నా?" అనేవాడు. "సీటిస్తే కొట్టు. నిలబెట్టి తీసకపోతే మాత్రం ఊరుకోను" అనేవారు ఆమె.

ఆమెకొక అలవాటు ఉండేది. పరారుణ కిరణాలతో చేసే పనిలో మామూలు గాజు పనికిరాదు, ఉప్పుతో చేసిన బిళ్ళలు వాడాలి. అద్దంలా మెరిసే ఆ బిళ్ళ మీద ఊపిరి తగిలితే చాలు, తడికి మసకబారిపోతుంది. అందుకని ఆమె బిళ్ళల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. పోను పోను అది ఎక్కడికి పోయినా ఆమెతో పాటు పోయింది. ముఖ్యమైన మాట ఏదైనా వినబోతున్నా, చెప్పబోతున్నా చెయ్యి దానంతటదే చెంగును నోటి దగ్గరికి తీసుకెళ్ళేది. మేడం చెంగు లేపితే పరీక్షలో వచ్చే ప్రశ్న చెప్పబోతున్నారని పిల్లలు పెన్నులు తీసేవాళ్ళు.

ఇంకొకటి ఆమె మాట. స్టాఫ్ రూములో ఎవరైనా ఎవరి గురించైనా, "కొత్తగా వచ్చేటాయన శానా స్ట్రిక్టంట" అంటే, ఆమె దిద్దుతున్న పేపర్ల లోంచి తల ఎత్తకుండా, "అది బరువు. ఆకారం ఏంది, చెప్పండి" అనేవారు. ఫలానా కుర్రాడు మొద్దు అంటే, "బరువు చెప్పినారు" అని ఊరుకునేవారు. కొందరికి నవ్వు, కొందరికి చిరాకు.

ఆ మాట ఆమె పరిశోధనలోంచి వచ్చింది. టోలీన్ అని ఒక ద్రవం ఉంది. పెయింటులో కలిపే థిన్నరు వాసన తెలిసినవాళ్ళకు దాని వాసన తెలిసినట్టే. దాని ఆవిరిని ఎలక్ట్రాన్లతో కొడితే అణువు విరుగుతుంది. విద్యుదావేశం ఉన్న ఒక ముక్క మిగులుతుంది. తూచే యంత్రం దాని బరువు తొంభై ఒకటి అని చెబుతుంది. అక్కడితో దాని పని అయిపోతుంది. కానీ ఆ బరువున్న ముక్కకు రెండు ఆకారాలు సాధ్యం. ఏది అన్నదే ఆమె ప్రశ్న.

దీన్ని ఆమె బి.ఎస్సీ. పిల్లలకు చెప్పిన తీరు నేను కళ్ళారా చూశాను. ఏడుగురిని కాలేజీ ముందున్న ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళారు. ఆరుగురిని చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడమన్నారు. ఏడో కుర్రాణ్ణి బయట నిలబెట్టి, వలయంలో ఒకడి భుజం మీద చెయ్యి వేయించారు.

"ఇది బెంజైల్. ఊగండిరా."

ఊగారు. బయటివాడు తోకలాగా అటూ ఇటూ పోయాడు.

"ఇప్పుడు నువ్వు గూడా లోపలికి దూరు. ఏడుగురూ చేతులు పట్టుకోండి. ఇది ట్రోపీలియం. ఊగండి." ఈసారి ఊపు వేరేగా ఉంది. అందరూ ఒకేలా ఊగుతున్నారు.

"మనుషులు పెరిగినారా? తగ్గినారా?"

"లేదు మేడం."

"మరి తూకం యంత్రానికి తేడా ఎట్ల తెలస్తాది? తెలీదు. ఊగేది చూస్తే తెలస్తాది. పరారుణ కాంతి ఆ ఊపునే చూస్తాది."

అటుగా వెళుతున్న ప్రిన్సిపాలు ఆగి, "ఏంది మేడం, కోలాటమా?" అన్నారు.

"అవును సార్. సిలబస్‌లో ఉండాది" అన్నారు ఆమె. ఆ ఏడుగురిలో ఒక్కడు కూడా ఆ పాఠం మరిచిపోయి ఉండడు.

ఎండాకాలం సెలవుల్లో మేమిద్దరం మద్రాసులో ఒక పరిశోధనాశాలకు వెళ్ళేవాళ్ళం. ఇద్దరికీ ఒకే గైడు. ఆమె రిజిస్టరై చాలా ఏళ్ళయింది, గడువు దగ్గరపడుతోంది. నేను కొత్తగా చేరాను. ఇదంతా తొంభైల మొదట్లో.

అక్కడి యంత్రం విరిగిన ముక్కల్లోంచి తొంభై ఒకటి బరువున్నవాటిని మాత్రమే ఏరి, ఆర్గాన్ వాయువుతో పాటు అతి చల్లని ఉప్పు బిళ్ళ మీద గడ్డకట్టిస్తుంది. దాని గుండా పరారుణ కాంతి పంపితే, ముక్క మింగిన చోటల్లా చార్టు మీద గీత దిగుతుంది. టోలీన్ నుంచి వచ్చేవి ఎక్కువగా ట్రోపీలియం ముక్కలే అన్నది మా గైడు నమ్మకం. మెల్లగా కొడితే బెంజైల్ కూడా మిగులుతుందని ఆమె నమ్మకం. ఆయన కాదనేవారు కాదు. "చూపించండమ్మా, ఒప్పుకుంటా" అనేవారు.

నా వంతు బెంజైల్ క్లోరైడ్. కళ్ళు మండించి నీళ్ళు తెప్పించే ద్రవం. దాన్ని విరగ్గొట్టినా తొంభై ఒకటే వస్తుంది, కానీ అది ఎక్కువగా బెంజైల్ ఆకారంలో వస్తుంది. పోల్చుకోవడానికి నేను ఆ పని చేసేవాణ్ణి. ఆవిరి పట్టే గాజు బుడ్డి మా ఇద్దరికీ ఒకటే. ఒకరి పని అయ్యాక ఇంకొకరు వాడాలంటే, పంపుతో లోపలున్నదంతా లాగేసి, కొత్త ఆవిరి కాస్త పట్టి, దాన్నీ లాగేయాలి. అలా మూడుసార్లు చేయాలి. మేం కడగడం అనేది దీన్నే. కొళాయి దగ్గరి రబ్బరు పాత ఆవిరిని పట్టుకుని అంత తేలిగ్గా వదలదు కాబట్టి ఆ నియమం.

బయటినుంచి వచ్చే మాలాంటివాళ్ళకు యంత్రం ఆదివారాలే దొరికేది. ఆమె ఆదివారం పొద్దున చర్చికి పోకుండా ఎక్కడికీ రారు. అందుకని శనివారం సాయంత్రం నాతో, "అబ్బయ్యా, రేపు మధ్యాహ్నం నేరుగా యంత్రం దగ్గరికి వస్తా. బుడ్డి కడిగి టోలీన్ పట్టి పెట్టు" అన్నారు. నేను ఒక్కసారి లాగి, టోలీన్ పట్టేశాను. కొళాయి మూస్తుంటే కళ్ళు కొంచెం మండాయి. ఆ మంట ఎందుకో నాకు తెలుసు. తెలిసే బయటికి నడిచాను. సినిమా ఏదో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చి, "మూడుసార్లు కడిగినావా?" అన్నారు.

"కడిగినా మేడం."

చార్టు మీద పెన్ను కదిలింది. బెంజైల్ గీతలు ఉండాల్సిన చోట గీతలు దిగాయి, ఒకటి తర్వాత ఒకటి, స్పష్టంగా. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డారు. పెన్ను ఆగాక, "నేను చెప్పలా?" అన్నారు. అది కూడా నాతో కాదు, ఆ చార్టుతో. అప్పుడు చెప్పి ఉండాల్సింది. మళ్ళీ కడిగి, మళ్ళీ చేసి ఉంటే ఒక మధ్యాహ్నం వృథా అయ్యేది, అంతే. ఒకవేళ ఆ గీతలు నిజంగా టోలీన్‌వేనేమో, నేను కడక్కుండా వదిలినదానివి కాదేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తూకంలో తేడా తెలిసే వీలు లేదు. రెండూ తొంభై ఒకటే.

గైడు సంతోషించి, డిపార్టుమెంటు సెమినార్లో ఆమెచేత చెప్పించారు. దసరా సెలవుల్లో అదే పని మళ్ళీ చేశారు. ఈసారి బుడ్డి ఆమే కడుక్కున్నారు. గీతలు రాలేదు. మరోసారి చేశారు, రాలేదు. గైడు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

"ఆ రోజు బుడ్డిలో బెంజైల్ క్లోరైడ్ ఉండి ఉండాలి. అంతకంటే నాకు వేరే దారి కనపడటం లేదు. ఎవరు సిద్ధం చేశారు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అన్నారు. "ఈ అబ్బయ్య చేసినాడు సార్. నేను అడిగినా, కడిగినా అన్నాడు. అబద్ధం చెప్పేవాడు కాదు."

నాకోసం సాక్ష్యం చెప్పారు. నేను తల దించుకున్నాను. గైడు నావైపు చూశారు, నేను మాట్లాడలేదు. అప్పుడాయన ఆమెవైపు తిరిగి, నెమ్మదిగా, "అయితే తర్వాత చేరి ఉండాలమ్మా. మనం చూడాలనుకున్నది కనిపించేలా చేసుకోవడం చాలా సులువు" అన్నారు. మోసం అన్న మాట ఆయన వాడలేదు. వాడాల్సిన అవసరం లేకుండా చెప్పారు. ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోయింది. గడువు పొడిగించమని అడిగే కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు.

రైల్లో వస్తుంటే ఆమె నన్ను ఒక్క మాటా అడగలేదు. గూడూరు దాటాక, "నువ్వు తిన్లేదు గదా" అని సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చారు. తిన్నాను.

ఇంతకంటే పెద్ద తప్పు ఆత్మకూరులో చేశాను. స్టాఫ్ రూములో ఆమె లేనప్పుడు ఒక సహోద్యోగి, "ఏమయ్యా, మేడం మద్రాసులో ఏదో కలిపిందంట గదా? నువ్వు ఆడనే ఉంటివే" అన్నాడు.

"నాకు తెలీదు సార్" అన్నాను.

ఆ జవాబు ఆ ఊళ్ళో ఎలా పనిచేస్తుందో నాకు తెలియనిది కాదు. పక్కనే ఉన్నవాడు కాదనలేదంటే నిజమే అన్నట్టు. ఆ మాట బస్సెక్కి ఉదయగిరి చేరింది. అక్కడ ఆమె తండ్రి పేరున్న బడిపంతులు, తమ్ముడు సేద్యం చేసుకునేవాడు, చర్చిలో అందరూ ఎరిగిన కుటుంబం. "దొంగలెక్క చేసిందని పంపించేసినారంట" అన్న రూపంలో అది అక్కడ స్థిరపడింది. ఆమె చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పడం మానేశారు. మానమని ఎవరూ అనలేదని, ఎవరూ ఉండమని కూడా అనలేదని తర్వాత తెలిసింది.

కాలేజీలో మాత్రం ఏడుగురు పిల్లల పాఠం మానలేదు. ఒక కుర్రాడు, "టోలీన్ నుంచి ఏది వస్తాది మేడం, ఇదా అదా?" అని అడిగితే, "నాకు తెలీదురా. చూసినా అనుకున్నా, చూళ్ళేదంట" అన్నారు. నేను పక్క గదిలో ఉన్నాను. గోడకు ఇవతల.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం ఉదయగిరి వెళ్ళాను. కొండ కింద వీధిలో వాళ్ళ ఇల్లు. ఆమె వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పీట చూపించారు. కూర్చోకుండానే చెప్పాను. ఒక్కసారే కడిగానని, సినిమాకు పోయానని, కళ్ళు మండాయని, అన్నీ.

ఆమె చెయ్యి చింతపండు జిగటతోనే చెంగు అందుకుని నోటి దగ్గరికి వెళ్ళింది.

"నేను కలపలేదని నాకు తెలుసు అబ్బయ్యా. నాకు చెప్పేదానికా ఇంత దూరం వచ్చినావు?"

"క్షమించమని అడగడానికి మేడం."

"తెలిసినదానికి చెప్తే ఏమొస్తాది? తెలీనోళ్ళకి చెప్పు. ఆడ ఆయనకి చెప్పు. ఈడ మా వాళ్ళకి చెప్పు. నా తమ్ముడు నా మొహం చూసి మాట్లాడి ఆరు నెలలయింది." ఆమె గొంతు పెరగలేదు. "నన్నడిగితే నేను క్షమిస్తా. నాకేంది కష్టం? దాంతో నీకు బాగుంటాది. నాకు ఏమైతాది?"

"చెప్తాను మేడం" అన్నాను.

చెప్పలేదు. అప్పటికి నా థీసిస్ పని నడుస్తోంది. అందులో ముఖ్యమైనవి బెంజైల్ క్లోరైడ్ గీతలే. గైడుకు ఇప్పుడు చెబితే నావి కూడా అనుమానిస్తారని భయం. సబ్మిట్ చేశాక చెబుదామనుకున్నాను. వైవా అయ్యాక అనుకున్నాను. డాక్టరు పట్టా వచ్చాక, ఇప్పుడు చెబితే అందరూ ఏమనుకుంటారని అనుకున్నాను. కాలేజీలో నాకు సన్మానం చేశారు. ఆమె కూడా వచ్చి, చివరి వరుసలో కూర్చుని, అందరితో పాటు చప్పట్లు కొట్టారు. తర్వాత నన్ను పలకరించకుండా బస్సుకు వెళ్ళిపోయారు. ఇక ఎప్పుడూ అబ్బయ్యా అని పిలవలేదు. డాక్టరు గారూ అనేవారు.

ఏళ్ళ తర్వాత, కలిగిరిలో ఆమె పోయారని విన్న మూడో రోజు మద్రాసు వెళ్ళాను. గైడు రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నారు. విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడెందుకయ్యా? ఆవిడ లేరు కదా."

"ఆమె చెప్పిన సెమినారు హాల్లోనే చెప్పనివ్వండి సార్. నా పట్టా సంగతి మీరు ఏం చేసినా సరే."

పట్టా వెనక్కి తీసుకునే నియమం దీనికి లేదన్నారు. బుధవారం సెమినారు మొదలయ్యే ముందు పది నిమిషాలు ఇచ్చారు. ఆనాడు విన్నవాళ్ళలో నలుగురైదుగురే మిగిలారు, మిగతావాళ్ళు కొత్త పిల్లలు. ఆమె పేరు చెప్పి, ఆమె ఏమీ కలపలేదని, కడగనిది నేనని చెప్పాను. ఆమె ఊహ సరైనదని చెప్పలేదు, ఎందుకంటే అది నాకు తెలియదు. శుభ్రమైన బుడ్డితో ఆమె చేసినప్పుడు గీతలు రాలేదు. ఆమె తప్పుగా అనుకుని ఉండొచ్చు. మోసం మాత్రం చేయలేదు. ఈ రెండింటి బరువూ లోకానికి ఒకటే అయిపోయింది, నావల్ల. చెప్పాక ఒక అమ్మాయి బయట ఆపి, "సార్, ఆ కొళాయి రబ్బరు ఇప్పుడు ప్రతిసారీ మారుస్తున్నాం" అంది.

అక్కణ్ణుంచి ఉదయగిరి. ఆమెను తలుచుకుని ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూటం ఆరోజు పెట్టారు. ఇంటి ముందు షామియానా వేశారు. పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, "అమ్మగారి గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పదలిస్తే లేవండి" అన్నారు. నాది ఆ మతం కాదు, అలా లేచి సాక్ష్యం చెప్పే అలవాటూ లేదు. లేచాను. ఆత్మకూరు సార్ అని కొందరు గుర్తుపట్టి, పొగడబోతున్నానని సర్దుకుని కూర్చున్నారు.

టోలీన్ అనీ బెంజైల్ అనీ అనకుండా చెప్పాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. గాజు బుడ్డిలో అంతకు ముందున్న మందు వాసన పోయేదాకా కడగాలని, ఆ పని నాకు అప్పగించారని, నేను సగంలో వదిలి సినిమాకు పోయి, కడిగానని చెప్పానని చెప్పాను. లెక్క తప్పింది అందువల్లేనని, పెద్దాయన అడిగితే ఆమె నన్ను వెనకేసుకొచ్చారని, నేను నోరు మెదపలేదని చెప్పాను. ఆత్మకూరులో అడిగితే తెలీదన్నానని కూడా చెప్పాను.

ముందు వరుసలో కూర్చున్న వాళ్ళ పెద్దమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అంటే, మా పిల్ల దొంగలెక్క చెయ్యలేదా?" అంది.

"చెయ్యలేదమ్మా."

"మరి ఇన్నేండ్లు యాడుంటివి?"

"ఆత్మకూరులోనే ఉన్నానమ్మా."

ఆమె తమ్ముడు వెనక గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నామీదికి వస్తాడనుకున్నాను. వస్తే బాగుండుననీ అనుకున్నాను. అతను కండువాతో మొహం తుడుచుకుని, నా దగ్గరికి వచ్చాడు.

"నేను గూడా నమ్మినా" అన్నాడు. అంతే. కొంచెం ఆగి, "ఈ పొద్దు వరికోతలు. సగం మంది పొలాల్లో ఉండారు. సాయంత్రానికి వస్తారు. వాళ్ళకి నేను చెప్తే నమ్మరు, అక్కని వెనకేసుకొస్తాండాడంటారు. నువ్వు ఉండి చెప్పిపో" అన్నాడు.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. నన్ను భోజనానికి ఎవరూ పిలవలేదు, వెళ్ళమనీ అనలేదు. షామియానా కింద ఒక కుర్చీలో కూర్చున్నాను. పొద్దువాలుతుండగా కొడవళ్ళు చేతపట్టుకుని ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కాళ్ళు కడుక్కుని, నేల మీద కూర్చున్నారు. వాళ్ళ ముందు లేచి నిలబడి, మొదటినుంచి మళ్ళీ చెప్పాను.